మూడు గంటల పది నిమిషాలు

నాది ఫొటోలు చూసే ఉద్యోగం అంటే జనం ఫొటో స్టూడియో అనుకుంటారు. కాదు. పరుపుల దుకాణం పైన, మెట్లెక్కగానే ఎడమచేతి గదిలో కూర్చుని, కింద పార్కింగులోకి వచ్చిపోయే కార్ల ఫొటోలు చూస్తాను. ఒక్కో కారుకి రెండు ఫొటోలు. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి పోయేటప్పుడు ఒకటి. రెండింటి మధ్య మూడు గంటలు దాటకూడదు. ఆ పైన పది నిమిషాలు దయతలచి వదిలేస్తాం. పదకొండో నిమిషం వచ్చిందంటే కంప్యూటర్ ఆ కారుని ఎర్ర గడిలో పెట్టి నా ముందుకు తోస్తుంది. రెండు ఫొటోల్లో నంబరు ఒకటేనా కాదా చూసి నేను 'జారీ' అయినా నొక్కాలి, 'రద్దు' అయినా నొక్కాలి. జారీ నొక్కితే యజమాని చిరునామా దానంతటదే బయటికొచ్చి, వాళ్లింటికి జరిమానా నోటీసు పోతుంది. కింద 'పరిశీలకుడు' అన్నచోట నా సంతకం అచ్చు పడుతుంది.

తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఈ చుట్టుపక్కల కారున్న ఇళ్లలో సగం ఇళ్లకి నా సంతకం వెళ్లింది. నా ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. అదే మేలు, తెలిస్తే నన్ను కూరగాయలు కొనుక్కుని బతకనిస్తారా! మెట్ల మొదట్లో బోర్డు కూడా పెట్టారు: 'బయటివారికి ప్రవేశం లేదు. వివరణలు రాతపూర్వకంగా మాత్రమే.'

కింద తిరిగి చూసే ఆవిడ ఒకరున్నారు. మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి దుకాణాలవాళ్లందరూ ఈలమ్మ అంటారు. గీతలు దాటి పెట్టినవాళ్లు, వికలాంగుల స్థలంలో పెట్టినవాళ్లు, సరుకు దింపే చోట అడ్డంగా పెట్టి మాయమైనవాళ్లు ఆవిడ వంతు. ఆవిడ చేతి మిషన్లో రాసి పంపినవి కూడా నేను ఒప్పుకుంటేనే చెల్లుతాయి. రాసినదాంట్లో నేను అక్షరదోషాలు దిద్దుతానని నన్ను మాస్టారూ అంటుంది. ఆవిడతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడతానేమో. ఇంటికి వెళ్తే ఆ నాలుగూ ఉండవు. పెళ్లి ఒకటి జరిగింది కానీ పొసగలేదు, నా భార్య వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆదివారాలు సాయంత్రమయ్యేసరికి నా గొంతు పనిచేస్తోందో లేదో అనుమానం వచ్చి, టీవీలో వార్తలు చదివే అమ్మాయికి జవాబిస్తూ ఉంటాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఎర్ర గడిలో ఒక పాత బూడిదరంగు కారు వచ్చింది. నాలుగు గంటల పది నిమిషాలు. అలవాటుగా జారీ మీదకి వేలు పోనిచ్చి, ఎందుకో ఫొటో పెద్దది చేశాను. స్టీరింగుని రెండు చేతులతో పట్టుకుని, ముందుకు వంగి, అద్దానికి ముక్కు ఆనించినంత పని చేస్తున్నాడు మా అన్నయ్య.

జుట్టంతా తెల్లబడిపోయింది. కానీ ఆ కనుబొమలు, ఆ మూతి బిగింపు ఎక్కడికి పోతాయి? పదకొండేళ్లయింది నేనా ముఖం చూసి.

ఆ పదకొండేళ్ల సంగతి చెప్పాలి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను దూరాన వేరే ఉద్యోగంలో ఉన్నాను. సెలవు దొరక్క మూడో రోజుకి చేరాను. వార్డులో పదిమంది ఉన్నారు. అన్నయ్య నన్ను పైకీ కిందకీ చూసి, "చుట్టపు చూపుగా వచ్చావా? అదుగో, కుర్చీ ఉంది, కూర్చో" అన్నాడు. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు, విన్నదనే నా అనుమానం. ఆ కుర్చీలో పది నిమిషాలు కూర్చుని లేచి వెళ్లిపోయాను. నాలుగో రోజున అమ్మ పోయింది. వచ్చాను, వెనక వరసలో నిలబడ్డాను, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లాను. తర్వాత ఫోను నంబరు మార్చాను, ఇల్లు మార్చాను, ఉద్యోగం మార్చాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయన కోపానికి ముక్కు కూడా అక్కర్లేదు. ఆయనా వెతకలేదు.

ఇప్పుడా కారు ఎర్ర గడిలో ఉంది. జారీ నొక్కితే నా సంతకంతో ఆయనకి నోటీసు పోతుంది. పదకొండేళ్ల తర్వాత తమ్ముడి దగ్గర్నుంచి పోయే మొదటి కాగితం అదా? నా వల్ల కాలేదు. 'రద్దు' నొక్కాను. కారణం అడిగింది. ఉన్న నాలుగు కారణాల్లోంచి 'కెమెరా లోపం' ఎంచుకున్నాను. ఉద్యోగంలో చేరాక నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

మరుసటి మంగళవారం కూడా వచ్చాడు. నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆ పై మంగళవారం కంప్యూటర్ చెప్పేదాకా ఆగలేదు. పొద్దున్నే కిటికీ తెర కాస్త పక్కకి జరిపి నిలబడ్డాను. పది దాటాక వచ్చాడు. సరిగ్గా నా కిటికీ కిందున్న వరసలో పెట్టాడు. దిగలేదు, ఏ దుకాణంలోకీ వెళ్లలేదు. సీసాలోంచి నీళ్లు తాగాడు, ఏదో పొట్లం విప్పుకుని తిన్నాడు, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. మధ్యమధ్యలో ముందు అద్దంలోంచి పైకి చూశాడు. నేను తెర వెనక్కి తప్పుకున్నాను.

ఇంట్లో తోచక వచ్చి కూర్చుంటున్నాడనుకున్నాను. వదిన సణుగుడు తప్పించుకోడానికని కూడా అనుకుని ఒకసారి నాలో నేనే నవ్వుకున్నాను. ఏమైతేనేం, నాకు సంతోషంగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉండేది. సోమవారం రాత్రి చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. మంగళవారం నా డబ్బా కిటికీ దగ్గరే విప్పేవాణ్ణి. ఆయన కింద, నేను పైన, ఇద్దరం ఒకే వేళకి తినేవాళ్లం. కిందకి వెళ్లి కారు అద్దం మీద తట్టడానికి మెట్లు ఇరవై రెండు. పెద్దవాడు అన్న మాట పెద్దవాడే వెనక్కి తీసుకోవాలని ఒక వారం అనుకునేవాణ్ణి. చిన్నవాణ్ణి నేనే తగ్గాలని ఇంకో వారం అనుకునేవాణ్ణి. ఏ వారమూ మెట్లు మాత్రం దిగలేదు.

ఆయన ఉండే సమయం పెరుగుతూ పోయింది. అయిదు గంటలు, అయిదున్నర, ఆరు. నేను రద్దు చేస్తూ పోయాను. అది చాలదన్నట్టు కారుని రెండు గళ్ల మధ్య గీత మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఒక వారం సరుకు దింపే చోట పెట్టాడు. పరుపుల లారీవాడు గంటసేపు హారన్ కొట్టాడు, ఈయన కదిలితేనా! ఈలమ్మ రాసి పంపింది. నేను రద్దు చేశాను. ఇంకో వారం వికలాంగుల స్థలంలో పెట్టాడు. మళ్లీ రాసింది. మళ్లీ రద్దు చేశాను.

కంపెనీవాళ్లకి అనుమానం రాకుండా ఉంటుందా? మంగళవారాల్లోనే కెమెరా పాడవుతోందని ఒక మెకానిక్కుని పంపారు. నిచ్చెన వేసుకుని ఎక్కి, కెమెరా అద్దం తుడిచి, దిగి, "దీనికే జబ్బూ లేదండీ, నాకన్నా బాగుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను.

తొమ్మిదో మంగళవారం సాయంత్రం, అన్నయ్య కారు వెళ్లాక, ఈలమ్మ మెట్లెక్కి వచ్చింది. గదిలోకి రావడం చాలా అరుదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, ఆ బూడిదరంగు కారు పెద్దాయన ఎవరండీ?"

"నాకేం తెలుసు?" అన్నాను.

"నీళ్లు నమలకండి. నేను రాసినవి నాలుగు రద్దు చేశారు. ఇవాళ ఆయన దగ్గరకెళ్లి గట్టిగానే అడిగేశాను. ఏమయ్యా, ఇంత పెద్ద పార్కింగులో నీకు గీతలు కనపడవా అన్నాను. కొన్ని కనపడకే పెట్టానమ్మా, కొన్ని కావాలనే పెట్టాను అన్నాడు. కావాలని ఎందుకయ్యా అంటే, ఇక్కడ ఎంత పెద్ద తప్పు చేస్తే నోటీసు వస్తుందమ్మా అని నన్నే ఎదురడిగాడు."

నేను కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాను.

"వాళ్ల పక్కింటాయనకి ఇక్కణ్ణుంచి నోటీసు పోయిందట. ఏం చెయ్యాలో అడగడానికి ఆయన దాన్ని తెస్తే, కింద సంతకం చూసి గుర్తుపట్టాడట. ఇంటిపేరు కింద తోక లాగడం వాళ్ల నాన్న ఇద్దరికీ నేర్పాడట. అది మా తమ్ముడమ్మా, వాడి దగ్గర్నుంచి నాకో కాగితం కావాలి, అందుకే తొమ్మిది వారాలుగా వస్తున్నాను, ఊళ్లో అందరికీ పంపుతాడు, నాకే పంపడు అన్నాడు."

"పైకి రావచ్చుగా?" అన్నాను.

"నేనూ అదే అన్నాను. బోర్డు చూపించాడు. ప్రవేశం లేదని రాశారు కదమ్మా అన్నాడు. అదొక్కటే కాదమ్మా. నా అంతట నేను వెళ్తే వాడు తలుపు తీస్తాడో, ముఖం మీదే వేస్తాడో. నోటీసు వచ్చిందనుకో, వాడే ముందు రాసినట్టవుతుంది. అప్పుడు నేను జవాబు రాయొచ్చు, అందులో తప్పేముంది అన్నాడు." ఈలమ్మ ఆగి నా ముఖంలోకి చూసింది. "చూపు బాగా తగ్గిపోయిందట మాస్టారూ. వచ్చే వారంతో కారు ఆఖరట. వాళ్లమ్మాయి తాళాలు తీసేసుకుంటోందట."

ఆవిడ వెళ్లాక దీపం వేసుకోవడం కూడా మర్చిపోయి కూర్చున్నాను. తొమ్మిది వారాలు ఆయన నా గుమ్మం ముందు కూర్చుని, నాతో మాట్లాడడానికి తప్పు మీద తప్పు చేస్తూ పోయాడు. నేను మంచివాణ్ణనుకుంటూ ఒక్కొక్క తప్పే తుడిచేస్తూ పోయాను. రద్దు చేసినది మళ్లీ జారీ చెయ్యడానికి లేదు. చిరునామా చూద్దామంటే అది జారీ చేస్తేనే కనపడుతుంది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మంగళవారం ఏడింటికే గదిలో ఉన్నాను. కెమెరాలు పనిచెయ్యని రోజుల కోసం చేత్తో రాసి ఇచ్చే నోటీసు పుస్తకం ఒకటి సొరుగులో ఉంటుంది. దుమ్ము దులిపి బయటికి తీశాను. ఆయనకి కావలసింది నోటీసు కాబట్టి నోటీసే ఇస్తాను, అయితే పోస్టులో కాదు, నా చేత్తో నేనే ఇస్తాను అని నిశ్చయించుకున్నాను.

పదీ పన్నెండుకి కారు వచ్చింది. నా కిటికీ కిందే ఆగింది. డ్రైవింగు సీట్లోంచి ఒక అమ్మాయి దిగింది. నేను చివరిసారి చూసినప్పుడు రెండు జడలతో ఉండేది, ఇప్పుడు భుజానికి సంచి తగిలించుకుని, వాళ్ల నాన్న వైపు వంగి ఏదో జాగ్రత్త చెప్పి, పనిముట్ల దుకాణం వైపు నడిచింది. అన్నయ్య పక్క సీట్లో ఉండిపోయాడు.

ఈలమ్మ మెట్ల కిందనుంచి పిలిచింది. "మాస్టారూ, వచ్చాడు! దిగండి!"

"ఇంకా టైమవలేదు" అన్నాను.

"దేనికి?"

"మూడు గంటల పది నిమిషాలు కావాలి. ఒంటిగంటా ఇరవై రెండు దాటాలి. అప్పటిదాకా ఆయన తప్పేమీ చెయ్యనట్టే కదా. తప్పుడు నోటీసు ఎలా ఇస్తాను?"

ఆవిడ నా వైపు ఎలా చూసిందంటే, ఆ చూపు నాకింకా గుర్తుంది. "ఆయన మీ అన్నయ్యండీ బాబూ" అంది.

"ఆయనకి నోటీసే కావాలన్నాడని నువ్వే చెప్పావు కదా."

ఆవిడతో చెప్పినది అదే. అసలు సంగతి వేరు. ఉత్త చేతులతో ఆయన ముందు నిలబడాలంటే నాకు భయం. చేతిలో కాగితముంటే అది అందిస్తూ మొదలుపెట్టొచ్చు. మొదటి మాట ఏమనాలో ఆ కాగితమే అనేస్తుంది. నోటీసులో నంబరు రాశాను, తేదీ రాశాను, సంతకం పెట్టాను. సమయం గడి ఖాళీగా ఉంచాను. పుస్తకం చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. పదకొండయింది, పన్నెండయింది. పన్నెండున్నరకి అన్నయ్య అద్దం దించి, గాలి కోసం కాబోలు, తల బయటికి పెట్టాడు. పైకి చూశాడు. ఈసారి నేను తెర వెనక్కి తప్పుకోలేదు. మెట్ల కిటికీలోంచి ఆయన వైపే చూశాను. ఆయనకి నేను కనపడలేదు.

పన్నెండూ యాభైకి ఆ అమ్మాయి ఫోను చూసుకుంటూ గబగబా వచ్చింది. సంచి వెనక పడేసింది. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంటున్నాడు. ఇంకాసేపు ఉందామంటున్నాడని ఇక్కణ్ణుంచే తెలిసింది. అమ్మాయి ఫోను ఆయన ముందు పెట్టి చూపించింది. మూడు గంటలు దాటకూడదని బోర్డు వైపు వేలు చూపింది. బుద్ధిమంతురాలు, ఎవరి పోలికో మరి. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. మోకాళ్లు తొందరపెడితే వినే మోకాళ్లు కావు. కిందకి చేరేసరికి కారు గేటు దాటింది. ఈలమ్మ ఈల వేస్తూ వెనక పరుగెత్తింది కానీ, పార్కింగులో ఈలలు ఎవరు వింటారు?

పైకి వచ్చి బయటికి పోయిన ఫొటో తీసి చూశాను. పన్నెండూ యాభై రెండు. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. పచ్చ గడి. ఫొటోలో అన్నయ్య ముఖం కెమెరా వైపే ఉంది. చూస్తున్నాడు గానీ దేన్నీ చూడడం లేదు. ఆ ఫొటో ముందు కూర్చుని, గట్టిగా, గది మొత్తానికి వినపడేట్టు నన్ను నేను తిట్టుకున్నాను. ముప్ఫై నిమిషాల కోసం కొయ్యబొమ్మలా నిలబడ్డానే! నా నిజాయితీ ఎవరికి కావాలి?

సాయంత్రందాకా ఆగి నోటీసు పుస్తకం మళ్లీ తెరిచాను. ఖాళీగా ఉంచిన గడి నింపాలి. 'అనుమతించిన సమయం: 3 గంటలు' అని ముందే అచ్చు వేసి ఉంది. 'నిలిపిన సమయం' అన్నచోట అబద్ధం రాద్దామని కలం పెట్టాను, చెయ్యి రాలేదు. 2 గంటల 40 నిమిషాలు అనే రాశాను. ఆ కింద 'కావున మీరు నిబంధన ఉల్లంఘించారు' అని ఉంది. మా అన్నయ్యని నా జన్మలో 'మీరు' అనలేదు. దాన్ని కొట్టేసే వీలు లేదు, అలాగే వదిలేశాను. చదివినవాడెవడైనా ఈ పరిశీలకుడికి మతి పోయిందనుకుంటాడు. అనుకోనీ. కంప్యూటర్లో చేతి నోటీసు కింద నమోదు చేశాను. చిరునామా వచ్చింది. నా గది నుంచి బస్సులో ఇరవై నిమిషాల దూరం. కవరు అంటించి, వెళ్లే దారిలో పోస్టు డబ్బాలో వేశాను.

చిరునామా తెలిసింది కాబట్టి వెళ్లొచ్చు కదా అని ఈలమ్మ రోజూ సతాయించింది. జవాబు రానీ అన్నాను. నోటీసు పంపినవాడు జవాబు రాకముందే గుమ్మం ఎక్కితే ఏం బాగుంటుంది? ఆయన తమ్ముణ్ణే మరి. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. మంగళవారాలు కిటికీ కింద ఎవరెవరి కార్లో ఆగాయి. తెర వేసేసి అన్నం తిన్నాను. అన్నం తినడం ఇంత ఒంటరి పని అని అంతకుముందు నాకు తెలియదు.

పందొమ్మిదో రోజు టపాలో 'వివరణ' అని పైన రాసి ఉన్న కవరు వచ్చింది. లోపల, నోటీసుతో పాటు పంపే మా ఫారమే. కారణం రాయవలసిన గడిలో గుండ్రటి, కుర్ర అక్షరాలు. గడి చాలక అంచుల్లోకి కూడా పాకాయి.

'ఒరేయ్,

నీ నోటీసు అందింది. రెండు గంటల నలభై నిమిషాలు మూడు గంటల కంటే ఎక్కువని నీకు ఏ పంతులు చెప్పాడ్రా? లెక్కల్లో నువ్వు చిన్నప్పుడూ ఇంతే. నీ లెక్కలు నేనే చేసిపెట్టేవాణ్ణి.

మీ వదిన పోయి రెండేళ్లయింది. నీకు కబురు చెయ్యలేదు. కబురు చెయ్యకుండానే, నువ్వు రాలేదని కోపం పెట్టుకున్నాను. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కుర్చీ వేయించి, వాడు వస్తే కూర్చుంటాడు, తియ్యకండి అనేది.

ముందు రాసింది నువ్వు కాబట్టి ముందు రావలసింది నేను. కానీ కారు అమ్మేశాం. నాకు మెట్లు కనపడవు. అందుకని నువ్వే రావాలి.'

కింద, వంకర టింకరగా, కాగితం అంచు దాటిపోయిన సంతకం. దాని కింద ఇంకో రెండు వరసలు ఉన్నాయి: 'బాబాయ్, నాన్న చెప్పింది చెప్పినట్టే రాశాను. తిట్లు మాత్రం తీసేశాను. అవి మీరు వచ్చాక ఆయన నోటే వినండి.'

వదిన ఆ ఇంటికి వచ్చేనాటికి నాకు పదకొండేళ్లు. బడికి వెళ్లే ముందు నా చొక్కా గుండీలు కుట్టేది, చేతికి దారం చుట్టుకుని పళ్లతో తెంపేది. ఆవిడ సణుగుడు తప్పించుకోడానికి అన్నయ్య కారులో కూర్చుంటున్నాడని ఈ కిటికీ దగ్గర నిలబడి నవ్వుకున్నాను నేను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తలుపు వెయ్యాలని కూడా తోచలేదు.

తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, ఫారం మీద 'వివరణ సమంజసం' అని రాసి, ఫైలు మూశాను. సెలవు చీటీ తీసుకున్నాను. కారణం అన్నచోట ముందు 'సొంత పని' అని రాశాను. అది కొట్టేసి 'మా అన్నయ్య' అని రాసి, సంతకం పెట్టి, మెట్లు దిగాను.